తాళం మరిచిన కంప్యూటర్

కంప్యూటర్ తెర మీద తారీఖు పదేళ్ల కిందటిది. జనవరి ఒకటి. ఆ పెట్టె కొని మూడేళ్లు కూడా కాలేదని అక్క చెప్పింది.

భూతద్దం అని అందరూ పిలిచే ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆవిడ అసలు పేరు గుర్తింపు కార్డులో తప్ప ఎక్కడా వినిపించదు. చాలాకాలం బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. లావుపాటి కళ్లద్దాలు ఆవిడవి. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మొహం వదిలేసి చేతుల వంక చూస్తుంది. పేరు అలా వచ్చింది.

అక్క పొద్దున్నే ఆవిడ ఆఫీసు తలుపు తట్టింది. తమ్ముడు నిన్న సాయంత్రం నుంచి కనిపించడం లేదు, ఫోను పలకడం లేదు. తమ్ముడూ, తన భర్తా కలిసి ఒక వెబ్‌సైటు నడుపుతారని చెప్పింది. ఫోను వేడెక్కితే ఏం చెయ్యాలి, కంప్యూటర్ నత్తలా నడిస్తే ఏది తీసెయ్యాలి, కొత్త ఆట ఎప్పుడొస్తోంది, అన్నీ రాస్తారు, వీడియోలు తీస్తారు. వీడియోల్లో తమ్ముడు "బావా, బావా" అనడం విని, చూసే జనం కూడా ఆయన్ని చిట్కాల బావ అనేశారు. తమ్ముడు ఆటల తమ్ముడయ్యాడు. ఫోను పాడైన ప్రతివాడికీ వాళ్లిద్దరూ చుట్టాలే.

ఈ సాయంత్రం ఒక పెద్ద కంపెనీ తయారుచేసిన పిల్లల ఆట విడుదలవుతోంది. ఆ ఆటని ముందుగా ఆడి చూసి రాయమని కంపెనీ వీళ్లకి కొన్ని ఫోన్లు ఇచ్చింది. ఇప్పుడు ఆ ఫోన్లూ లేవు, తమ్ముడూ లేడు. రెండూ కలిపి చూసిన కంపెనీ, దొంగతనం అని తేల్చేసింది.

"వాడు నా దగ్గర పెరిగాడు మేడమ్," అంది అక్క. "అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి వాడికి. దొంగతనం ఎక్కడ చేస్తాడు?"

భూతద్దం చేతిసంచి తీసుకుని లేచింది. తమ్ముడు కూర్చునే రికార్డింగ్ గది చూపించమంది, చిట్కాల బావతో మాట్లాడాలంది. ఇద్దరూ ఇలా వచ్చారు.

చిట్కాల బావ వీడియోల్లో కనిపించేకంటే పొట్టి. జేబులో చెయ్యి పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడు. నిన్న సాయంత్రం బావమరిది సంచి సర్దుకుని వెళ్లిపోయాడట. ఏమయ్యిందని అడిగితే పలకలేదట. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని మెట్లు దిగిపోయాడట.

"వెనకనుంచి పిలిచారా?"

"రెండుసార్లు పిలిచాను. హెడ్‌సెట్ పెట్టుకుంటే వాడికి ప్రపంచం వినపడదండీ."

కంప్యూటర్ సంగతి అడిగింది. పొద్దున వచ్చి చూస్తే వీడియోలన్నీ చెరిపేసి ఉన్నాయన్నాడు. ఎవరు చెరిపారంటే, ఇంకెవరు, వెళ్లేముందు వాడే చేసి ఉంటాడన్నాడు. ఆయన కుడిచెయ్యి మళ్లీ ప్యాంటు జేబులోకి వెళ్లింది. అక్క తన భర్త మొహంలోకి చూస్తోంది. భూతద్దం ఆ జేబు చూస్తోంది.

తర్వాత ఆవిడ కంప్యూటర్ పెట్టెని తన వైపు తిప్పుకుంది. వెనకాల నెట్ వైరు ఊడదీసి ఉంది. పక్క మూత మీద దుమ్ము పేరుకుని ఉంది గానీ, దాన్ని బిగించే స్క్రూల చుట్టూ మాత్రం శుభ్రంగా మెరుస్తోంది. ఒక స్క్రూ లేదు. బల్ల కింద వెతికితే దొరికింది.

"ఇందులో తారీఖు ఎందుకు వెనక్కి పోతుంది?" అని అక్కని అడిగింది.

అక్క బడిలో లెక్కలు చెబుతుంది. భర్తా తమ్ముడూ అన్నం తింటూ కూడా ఇవే మాట్లాడుకుంటారు కాబట్టి ఆమెకి సగం విద్య వంటబట్టింది. లోపల గుండీ అంత బ్యాటరీ ఒకటి ఉంటుందనీ, కరెంటు లేనప్పుడు తారీఖునీ, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు అడిగే పాస్‌వర్డునీ అది గుర్తు పెట్టుకుంటుందనీ, దాన్ని తీసి మళ్లీ పెడితే రెండూ మర్చిపోతుందనీ చెప్పింది. నెట్ ఉంటే తారీఖు తనంతట తానే సర్దుకుంటుంది. ఇక్కడ వైరు తీసేశారు కాబట్టి సర్దుకోలేదు.

"మీ తమ్ముడి కంప్యూటర్‌కి అలాంటి పాస్‌వర్డు ఉందా?"

"ఉండేది. నాకు కూడా చెప్పేవాడు కాదు."

భూతద్దం కంప్యూటర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేసింది. పాస్‌వర్డు అడగలేదు. తిన్నగా తెరుచుకుంది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడయింది. వచ్చినవాణ్ని చూడకుండానే ఆవిడకి తెలిసిపోయింది. ఇస్త్రీబాబు. ఒకప్పుడు ఆవిడ దగ్గర పని నేర్చుకున్నాడు. చొక్కా నలగకుండా నేరస్థుణ్ని తరమగలనని కొత్తలో ఎవరితోనో అన్నాడట, ఆ పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు ఆట కంపెనీ భద్రతా విభాగానికి పెద్ద.

నమస్కారం పెట్టాడు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. తర్వాత గది మధ్యకి వచ్చి, తమ కంపెనీ ఫోన్ల కేసులో బయటివాళ్లు సాక్ష్యాలు ముట్టుకోకూడదన్నాడు.

"నీ కేసు వేరు, నా కేసు వేరు," అంది భూతద్దం. "నువ్వు ఫోన్లు వెతుకుతున్నావు. నేను మనిషిని వెతుకుతున్నాను."

"మనిషి దొరికితే ఫోన్లు దొరుకుతాయి మేడమ్. ఫోన్లు పట్టుకుని పారిపోయాడు, పోతూ పోతూ కంప్యూటర్ తుడిచేశాడు. ఇందులో కథ ఏముంది?"

"తన ఇంట్లోకి వెళ్లడానికి ఎవడైనా తన తాళమే బద్దలు కొడతాడా?"

ఇస్త్రీబాబు చెప్పమన్నట్టు చూశాడు. ఆవిడ స్క్రూ చూపించింది, తారీఖు చూపించింది. పాస్‌వర్డు తెలిసినవాడు దాన్ని కొట్టి లోపలికి వెళ్తాడు. తెలియనివాడికే మూత విప్పి బ్యాటరీ పీకాల్సిన అవసరం. చెరిపేసిన వీడియోల చిట్టా తెరిస్తే, చెరిపిన తారీఖు కూడా పదేళ్ల కిందటి జనవరి ఒకటే. బ్యాటరీ తీసినవాడే వీడియోలూ తీసేశాడు. ఆటల తమ్ముడు ఆ పని చెయ్యలేదు.

"ఆ బ్యాటరీ కిటుకు ఈ వెబ్‌సైటులోనే ఉంది," అన్నాడు ఇస్త్రీబాబు. "ఎంతోమంది చదివి ఉంటారు. నేనూ చదివాను."

"రాసింది ఎవరు?"

రాసినాయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మీరు నన్ను అనుమానిస్తున్నారా అని ఆయన నొచ్చుకున్నాడు. అక్క, "అయ్యో, మేడమ్ మామూలుగా అడిగారండీ," అని సర్దబోయి, మాట మధ్యలో ఆగిపోయింది.

చెరిపేసిన వీడియోల్లో ఏముందని భూతద్దం అడిగింది. ఆయన తెలియదన్నాడు. అక్కకి కొంచెం తెలుసు. పోయిన వారం తమ్ముడు అన్నం ముందు కూర్చుని, ఈ ఆట గంటసేపు ఆడితే ఫోను పెనంలా కాలుతోంది, బ్యాటరీ ఉబ్బుతోంది, పిల్లల చేతికి ఎలా ఇస్తారు అన్నాడు. ఆడిస్తూ వీడియో తీస్తున్నానన్నాడు. ఆ రోజు భర్త అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. నెల కిందటే ఆయన ఒక వీడియోలో, ఈ ఆట నేనే స్వయంగా పరీక్షించాను, మీ పిల్లలకి ధైర్యంగా ఇవ్వండి అని చెప్పి ఉన్నాడు. చూసినవాళ్లు ఆయన మాట మీద ముందే పేర్లు నమోదు చేసుకున్నారు.

"మీరు నిజంగా పరీక్షించారా?" అంది భూతద్దం.

"కంపెనీవాళ్లు పరీక్షించి కాగితం ఇచ్చారు. అది నేను పరీక్షించినట్టే కదా."

ఇస్త్రీబాబు మొహం చిట్లించాడు. కంపెనీ వ్యవహారాలు ఇక్కడ చర్చించడానికి వీల్లేదని గట్టిగా చెప్పాడు. సాయంత్రం విడుదల ఉందనీ, విలేకరులు కింద హాల్లో కూర్చున్నారనీ, వాళ్ల ముందు ఆటల తమ్ముడి దొంగతనం గురించి తనూ చిట్కాల బావా కలిసి ప్రకటన చెయ్యబోతున్నామనీ అన్నాడు.

"ఆ ప్రకటన చెయ్యకు," అంది భూతద్దం. "తర్వాత నీ మాట నువ్వే మింగాల్సి వస్తుంది."

"నేను మీ దగ్గర ఉన్నప్పుడు కూడా ఇదే అనేవారు. ఒక్కసారైనా నేను చెప్పింది నిజమని ఒప్పుకున్నారా మేడమ్?"

"ఒక్కసారి ఒప్పుకున్నాను. నువ్వు సెలవు పెట్టిన రోజది."

అక్కకి నవ్వు రాలేదు. ఇస్త్రీబాబుకీ రాలేదు. అతను చిట్కాల బావ భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకుపోయాడు. వెళ్తూ ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి గది అంతా చూశాడు. ఏదో మర్చిపోయిన మనిషిలా, ఏది మర్చిపోయాడో గుర్తురానట్టు.

వాళ్ల అడుగులు వినిపించకుండా పోయేదాకా భూతద్దం ఆగింది. తర్వాత సొరుగులు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టింది. ఛార్జర్లు, ముడిపడిన వైర్లు, ఆటల బొమ్మలున్న స్టిక్కర్లు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం. అక్క కూడా ఊరికే ఉండలేక బల్ల వెనక, కుర్చీ వెనక చూస్తోంది. మైకు స్టాండు మీద కప్పిన గుడ్డ తీసి, అలాగే నిలబడిపోయింది.

స్టాండు కొమ్మకి నల్లటి హెడ్‌సెట్ వేలాడుతోంది.

"ఇది వాడిదే."

"రెండోది ఉందేమో?"

"లేదు మేడమ్. చూడండి." ఎడమ చెవి మెత్త చిరిగితే పాత గౌను గుడ్డతో తనే తొడుగు కుట్టిందట. నీలం మీద తెల్ల చుక్కలు. వీడియోల్లో ఆ తొడుగు చూసి జనం ఎగతాళి చేసినా తమ్ముడు మార్చలేదు. అక్క దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, "ఆయన హెడ్‌సెట్ పెట్టుకుని వెళ్లాడన్నారు," అంది నెమ్మదిగా. "నాతో కూడా రాత్రి అదే అన్నారు."

భూతద్దం చెప్పాల్సింది అక్క తనంతట తానే అనుకుంటోంది.

అక్క వేలు అలవాటుగా బొత్తం నొక్కింది. హెడ్‌సెట్‌లో చిన్న దీపం వెలిగింది. మిణుకుమిణుకుమని, ఆరిపోకుండా నిలిచిపోయింది. అక్క కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమైంది?"

"జత కలిసింది."

"దేనితో?"

అదే తెలియడం లేదంది అక్క. ఈ హెడ్‌సెట్ చివరగా ఏ ఫోనుతో వాడారో దాన్నే వెతుక్కుంటుంది. ఆ ఫోను ఎక్కడో దూరాన ఉంటే కలవదు. ఈ గదిలో ఉండాలి, లేదా గోడ పక్కన ఉండాలి. ఇద్దరూ గది నాలుగు మూలలూ చూశారు. ఫోను లేదు.

అక్క హెడ్‌సెట్ పెట్టుకుంది. భూతద్దం దగ్గరికి జరిగి ఒక చెవి మెత్తని తన వైపు తిప్పుకుంది. లోపల తుపాకుల మోత, గుర్రాల డెక్కలు, పిల్లలకి నచ్చే హుషారు సంగీతం. ఆట. ఎవరో ఎక్కడో ఆ ఆట ఆడుతున్నారు. ఉన్నట్టుండి సంగీతం తగ్గింది. గరగరమని శబ్దం. ఆ వెనక ఊపిరి.

"ఎవరు? ఈ ఫోను సౌండు ఆగిపోయింది... ఎవరో నా హెడ్‌సెట్ ఆన్ చేశారు కదా? మాట్లాడండి. అందులో మైకు ఉంది, నాకు వినిపిస్తుంది."

భూతద్దం అక్కని మోచేత్తో పొడిచింది.

"నేనురా."

"అక్కా, ఏడవకు. ముందు విను," అన్నాడు తమ్ముడు.

గబగబా చెప్పాడు. రికార్డింగ్ గది వెనకే ఇంకో గది ఉంది. విడుదలకి ముందు ఆటల్ని రహస్యంగా ఆడించి చూడటానికి బావ కట్టించాడు. దాని తలుపు వెనక సందులోంచి పైకొచ్చే మెట్ల మీదికి ఉంటుంది. తనకీ బావకీ తప్ప ఎవరికీ తెలియదు. నిన్న సాయంత్రం నుంచి అందులోనే ఉన్నాడు. తన ఫోను తన దగ్గర లేదు. కంపెనీ ఫోన్లు మాత్రం ఉన్నాయి, కానీ అవి ఆట తప్ప ఇంకేదీ తెరవనివ్వవు. ఆటలో ఆడేవాళ్లు వైఫై మీద ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలుంది, కానీ ఆట ఇంకా విడుదల కాలేదు కాబట్టి అందులో వేరే ఎవరూ లేరు. అందుకని రెండు ఫోన్లలో ఆట పెట్టుకుని, ఎవరైనా హెడ్‌సెట్ పెట్టుకుని వింటారేమోనని ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి పిలుస్తూ కూర్చున్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది. ఇటువైపు గోడంతా చప్పుడు పీల్చే స్పాంజి అంటించి ఉంది కదా, ఎవరికి వినిపిస్తుంది?

ఇందాక తాము ఈ గదిలో నిలబడి వాదించుకున్నంతసేపూ వాడు ఆ గోడ అవతల ఉన్నాడు. అక్క మైకు నోటికి దగ్గరగా లాక్కుంది.

"తలుపు ఎవరు వేశారు?"

"అది తర్వాత చెప్తాలే."

"మీ బావేనా?"

ఆట సంగీతం సన్నగా వినిపిస్తూనే ఉంది.

"సాయంత్రం దాకా ఉండమన్నాడక్కా. ఆట విడుదలయ్యాక తీస్తానన్నాడు. నన్నేమీ చెయ్యాలని కాదు. భయపడిపోయాడు. కానీ పొద్దున ఏసీ ఆగిపోయింది. ర్యాకు ఊచల్లోంచి వేలు పెట్టి మిగతా ఫోన్లన్నీ ఆపేశాను, బయటికి తీద్దామంటే తాళం వేసి ఉంది. ఆపేసినవి కూడా ఛార్జింగు మీదే ఉన్నాయి. ఉబ్బుతున్నాయి. ఒకటి..."

టప్‌మని శబ్దం. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. దగ్గు వినిపించింది, ఆగకుండా.

భూతద్దం గోడ దగ్గరికి నడిచి నల్ల స్పాంజి ఒక మూల పట్టుకుని చింపింది. వెనకున్న గోడకి అరచెయ్యి ఆనించి వెంటనే తీసేసింది. కాలుతోంది. ఆవిడ తన ఫోనులో అగ్నిమాపక కేంద్రానికి చిరునామా చెప్పింది, వెనక సందులోంచి రమ్మంది. సందులోకి బండి పట్టదు, గొట్టం లాక్కుని రావాలి, కాస్త ఆలస్యమవుతుందని అవతలివాళ్లు చెప్పారు.

"అక్కా." గొంతు గుడ్డలోంచి వస్తున్నట్టుంది. "మెట్ల దగ్గర మెయిన్ స్విచ్ ఉంది. దాన్ని ఆపేయ్. ఛార్జింగు ఆగిపోతే ఇంకోటి అంటుకోదు."

"ఆపితే వైఫై పోతుందిరా. నీ మాట ఎలా వినిపిస్తుంది?"

"వినిపించదు. పర్లేదు. ఆపేయ్."

అక్క కదల్లేదు. హెడ్‌సెట్‌ని రెండు చేతులతో చెవులకి అదిమి పట్టుకుంది. భూతద్దం చెయ్యి చాపి నిలబడింది. చివరికి అక్క హెడ్‌సెట్ తీసి ఆవిడ చేతిలో పెట్టి, "కింద పడుకోరా, పొగ కిందకి రాదు, నేనొస్తున్నా," అని మైకులోకి అనేసి, మెట్లవైపు పరుగెత్తింది.

దీపాలు ఆరిపోయాయి. హెడ్‌సెట్‌లో దగ్గు మధ్యలోనే తెగిపోయింది.

చీకట్లో భూతద్దం ఇస్త్రీబాబుకి ఫోను చేసింది. అతను వెంటనే ఎత్తి, కరెంటు పోయింది, ఇదీ మీ పనేనా అన్నాడు. వెనకాల విలేకరుల గోల వినిపిస్తోంది. ఎవరో కుర్చీ జరుపుతున్నారు.

"మీ ఫోన్లు దొరికాయి," అంది ఆవిడ. "రికార్డింగ్ గది వెనక ఇంకో గదిలో ఉన్నాయి. వాటి మధ్యలో ఆ కుర్రాడు ఉన్నాడు. అవి అంటుకున్నాయి. దాని తలుపు వెనక సందు వైపు ఉంది. తాళంచెవి నీ పక్కనున్న మనిషి దగ్గర ఉంది. ఇప్పుడు నేను చెప్పింది నమ్మితే మీ ఆట సాయంత్రం విడుదల కాదు, రేపట్నుంచి నీకు ఉద్యోగం ఉండకపోవచ్చు. నమ్మకపోతే వాడు ఉండడు. ఏదో ఒకటి త్వరగా తేల్చుకో."

అవతల విలేకరుల గోల అలాగే ఉంది. ఎవరో ఇస్త్రీబాబుని ప్రకటన ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు. భూతద్దం ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. గోడ అవతల మళ్లీ టప్‌మంది.

"మేడమ్," అన్నాడు ఇస్త్రీబాబు, గొంతు బాగా తగ్గించి. "ఏ జేబు?"